చెరువు ఖాళీ అయితే నాకు జొరం

మాది భీమవరం దగ్గర పల్లెటూరండి, నాలుగెకరాల రొయ్యల చెరువు, అందులో సగం లీజు. వనామి రకం రొయ్య పిల్లల్ని వదిలిన రోజు నుంచి పట్టుబడి దాకా, అంటే రొయ్యలు పట్టించి అమ్మేదాకా, ఇంచుమించు 110 రోజులు మనిషి మనిషిలా ఉండడు, ఈ పని చేసేవాళ్ళకే తెలుస్తుంది. రోజుకి నాలుగు మేతలు, మేత ఎంత తిన్నాయో తెలియడానికి నీళ్ళలో పెట్టిన చెక్ ట్రే ఎత్తి చూసుకోవడం, అదంతా ఒకెత్తు, తెల్లారుజామున మూడు దాటాక నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోయే టైమ్ ఉంటుంది చూడండి, అదొకెత్తు. అప్పుడు కరెంట్ పోతే అంతే సంగతులు. నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు గోల చేస్తున్నంతసేపు మోటార్ షెడ్డులో గుర్రు పెట్టి పడుకుంటాను, ఆ చప్పుడు ఆగిందంటే మాత్రం ఎవరో చరిచినట్టు లేచి చెప్పులు కూడా వేసుకోకుండా జనరేటర్ దగ్గరుంటాను.

ఆ మూడున్నర నెలలూ నాకు ఒక్క తుమ్ము రాదు. వానలో తడిసినా, వేళకి తినకపోయినా ఏమీ కాదు. పట్టుబడి అయిపోయి, డబ్బులు చేతికొచ్చి, హమ్మయ్య అని ఇంట్లో నడుం వాల్చిన రెండో రోజుకో మూడో రోజుకో మంచం పట్టేస్తాను. ఒక్కసారైతే ఏదోలే అనుకోవచ్చు, వరసగా మూడు పంటలు ఇదే తంతు. మా అమ్మైతే "నీకు పని పడట్లేదనుకున్నా గానీ ఖాళీ పడట్లేదురా అబ్బాయ్" అంటుంది.

మొన్న సంక్రాంతికి మరీ దారుణం. చలికాలం కదా, రొయ్యల్ని చంపేసే వైట్ స్పాట్ వైరస్ భయంతో ఆఖరి పది రోజులు కంటి మీద కునుకు లేదు, ఇంకాస్త పెరగనిద్దాం అనుకున్నవాణ్ణి 45 కౌంట్‌లోనే, అంటే కిలోకి 45 రొయ్యలు తూగేటప్పుడే, పట్టించేశాను, భోగికి మూడ్రోజుల ముందు. చెల్లి, బావ పిల్లలతో హైదరాబాద్ నుంచి దిగారు. భోగి మంట చుట్టూ అందరికీ చెమటలు పడుతుంటే నేను దుప్పటి కప్పుకుని వణుకుతున్నా. గొంతు నొప్పి, ఒళ్ళంతా కర్రతో బాదినట్టు, కణతలు చిట్లిపోతున్నట్టు. కనుమ నాడు ఇల్లంతా నాటుకోడి కూర వాసన, నా కంచంలో మిరియాల చారు, అది కూడా రెండు ముద్దలకే వదిలేశాను. మా ఊళ్ళో దోమల సంగతి తెలిసిందే కాబట్టి డెంగ్యూ, మలేరియా టెస్టులు చేయించారు, ఏమీ లేదు. మామూలు వైరల్ జ్వరం, పారాసిటమాల్ వేసుకుని పడుకో అన్నారు డాక్టర్ గారు.

ఎప్పుడూ పట్టుబడి అయ్యాకే ఎందుకండీ అని అడిగితే ఆయన నవ్వి చెప్పారు. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ ఊరతాయట, ఈ కార్టిసాల్ వాపునీ మంటనీ అణిచిపెడుతుందట. జ్వరం, ఒళ్ళునొప్పులు చాలావరకు వైరస్ మీద మన ఒళ్ళు చేసే యుద్ధమేనట, టెన్షన్ దిగ్గానే ఆ యుద్ధం బయటపడుతుందని కొందరి లెక్క. పైగా జలుబు లాంటివి ఎక్కిన ఒకటి నుంచి మూడ్రోజులకి గానీ తెలియవు. ఆలోచిస్తే నిజమే, పట్టుబడి నాడు కూలీలు, కాటా వాళ్ళు, లారీ వాళ్ళు, అందరి మధ్యా తెల్లార్లూ తడిబట్టల్తో, ఐసు ముక్కల్లో చేతులు పెట్టి నిలబడ్డాను, పక్కనోడు దగ్గుతూనే ఉన్నాడు.

బావ ఊరుకోడుగా, ఫోన్ తీసి చదివాడు. నెదర్లాండ్స్‌లో టిల్‌బర్గ్ యూనివర్సిటీ ఆయన వింగర్‌హోట్స్ 2002లో దీనికి లీజర్ సిక్‌నెస్ అని పేరు పెట్టి రాశాడంట, వాళ్ళు అడిగినవాళ్ళలో నూటికి ముగ్గురికి ఇలా సెలవుల్లోనే ఒంట్లో బాగుండదంట. అది జనాన్ని అడిగి రాసుకున్నదేగా, నాకు అంత ఆనలేదు. రెండోది మాత్రం పట్టేసింది. 1991లో కోహెన్ అనే ఆయనా వాళ్ళూ దాదాపు 400 మంది ముక్కుల్లో వైరస్ చుక్కలు వేసి చూస్తే టెన్షన్ ఎక్కువున్నవాళ్ళకే జలుబు ఎక్కువ పట్టిందంట. అంటే నా జొరం ఇంటికొచ్చాక వచ్చింది కాదు, గట్టు మీద నుంచి నాతోపాటే వచ్చింది, నేనే చూసుకోలేదు.

జొరం నాలుగు రోజులకి దిగింది, దగ్గూ నీరసం ఇంకో పది రోజులు పీడించాయి. అన్నిటికంటే విచిత్రం, ఇంట్లో మూడున్నరకి టంచనుగా మెలకువ వచ్చేసేది. ఏరియేటర్ చప్పుడు లేదు కదా, నిశ్శబ్దానికి గుండె దడదడలాడేది. మా ఆవిడ "చెరువులో నీళ్ళే లేవు, పడుకోండి" అనేది.

ఈ పంటకి బాబాయి కొడుకుని బతిమాలి ఆఖరి నెల రాత్రులు వంతులేసుకున్నాం, వాడి వంతున ఇంటికొచ్చి పడుకున్నాను, మొదట్లో నిద్ర పట్టకపోయినా. మొన్న పట్టుబడి అయింది. ఈసారి ఒకేసారి మంచమెక్కలేదు, పొద్దున్నే చెరువుకెళ్ళి అడుగు ఎంతవరకు ఎండిందో చూసి, సున్నం చల్లించే పని మాట్లాడి వస్తున్నాను. ఇవాళ రెండో రోజు. గొంతులో కాస్త గరగర ఉంది, మా ఆవిడ అడక్కుండానే మిరియాల పాలు పెట్టింది.