పిడికిలి బిగిసే టైము

పొద్దున ముగ్గుపిండి చిటికెతో పడితే జారిపోయేది. రెండు వేళ్లూ కలిసేవి గానీ నొక్కే బలం ఉండేది కాదు. తొమ్మిదయ్యేసరికి అదే చెయ్యి తడి దుప్పటి పిండేసేది. సగం జబ్బు పేరు ఈ తేడాలోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కీళ్ల అరుగుదల నొప్పి వాడేకొద్దీ పెరుగుతుంది. సింహాచలం మెట్లు దిగాక మోకాలు లాగుతుంది, కాసేపు కూర్చుంటే సర్దుకుంటుంది. పొద్దున పట్టేసినా అరగంటలోపే వదులుతుంది. ఒంటి రక్షణ వ్యవస్థే కీళ్ల మీద పడే రుమటాయిడ్ లాంటి వాపు జబ్బులది ఎదురు లెక్క. పడుకుంటే బిగుస్తుంది, కదిలితే సడలుతుంది. ఆ సడలడానికి గంట పట్టొచ్చు, ఒక్కోసారి మధ్యాహ్నమూ కావచ్చు.

అందుకే రెండు వారాలు నోటుబుక్కులో రాశాను: లేచిన టైము, పిడికిలి పూర్తిగా ముడుచుకున్న టైము, వాచిన కణుపులు, ఆ రోజు నొప్పి మాత్ర వేసుకున్నానా లేదా. ఈ చివరిది రాయకపోతే మిగతా లెక్కంతా తప్పుతుంది, మాత్ర పడితే బిగుతు తొందరగా వదిలేస్తుంది మరి. నాకు 5:30కి లేస్తే 7:15కి గానీ పిడికిలి పడేది కాదు.

వాపు పట్టుకోవడం కొంచెం నేర్చుకోవాలి. పిడికిలి బిగిస్తే మెటికల మధ్య పల్లాలు కనిపించాలి, మన ఎర్రమట్టి దిబ్బల్లాగ. లోపల వాస్తే ఆ పల్లాలు పూడిపోతాయి. కణుపును వేలితో నొక్కి చూడండి. ఎముకలా గట్టిగా ఉంటే అరుగుదల, మాగిన సపోటాలా మెత్తగా దిగితే వాపు. మెటికల వరసను రెండు పక్కల నుంచి కరచాలనం చేసినంత బలంతో నొక్కినా ప్రాణం లేచొస్తే వాపును అనుమానించాల్సిందే. పాదం ముందు భాగానికీ ఇదే పరీక్ష.

ఏ కీలన్నదీ చూడాలి. రుమటాయిడ్ ఎక్కువగా రెండు చేతులనీ పడుతుంది: మణికట్లు, మెటికలు, వేళ్ల నడిమి కణుపులు. గోరు పక్క కణుపును మామూలుగా వదిలేస్తుంది. అక్కడ గట్టి బుడిపెలుంటే అరుగుదల. అక్కడే వాచి, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు గుంటలుంటే సోరియాసిస్ తాలూకు కీళ్లజబ్బేమో అడగాలి.

అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా ఉబ్బి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్ కావచ్చు, అంటే కీలులో యూరిక్ యాసిడ్ పేరుకుని వచ్చే జబ్బు. నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ నార్మల్‌గా రావచ్చు, తగ్గిన రెండు వారాలకు మళ్లీ చేయించాలి. నలభై ఐదేళ్లలోపు మొదలైన నడుంనొప్పి మూడు నెలలు దాటి, తెల్లవారుజామున లేపేసి, నడిస్తే తగ్గుతుంటే దాన్ని బండి ప్రయాణం మీదకి నెట్టకండి, వెన్ను కీళ్ల వాపేమో అడగాలి. మడమ నొప్పి, కన్ను ఎర్రబడటం తోడైతే మరీను. జ్వరంతో పాటు ఒక్క కీలే వేడెక్కి ఉబ్బితే మాత్రం నోటుబుక్కు పక్కన పడేసి ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. అది చీము అయితే కొద్ది రోజుల్లోనే కీలు పాడైపోతుంది.

విశాఖలో వానాకాలం దాటాక ఎవరి కీళ్లు వాచినా ముందు చికున్‌గున్యా అంటారు. అది తప్పేం కాదు. చాలామందికి వారాల్లో తగ్గుతుంది, కొందరిని నెలల తరబడి పీడిస్తుంది. ఆరు వారాలు దాటినా వాపు ఉంటే కీళ్లవాతం నిపుణుల్ని, అంటే రుమటాలజిస్టుని కలవాలి.

నన్ను మొదట చూసిన డాక్టరు ఆర్‌ఎఫ్ అనే రక్తపరీక్ష నెగటివ్ అని చూసి వాతం లేదనేశారు. రుమటాయిడ్ ఉన్నవాళ్లలో ఐదుగురిలో ఒకరికైనా అది నెగటివే వస్తుంది. పెద్ద వయసులో జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ అనే రక్తపరీక్ష ఇంకాస్త నమ్మదగ్గది, అదీ నెగటివ్ రావచ్చు. వాపును చూపే ఈఎస్ఆర్ పరీక్ష రక్తహీనతకు కూడా పెరుగుతుంది, కాబట్టి వాపుకే చేసే మరో పరీక్ష సీఆర్‌పీ కూడా చేయించాలి. మొదటి నెలల్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉండటం మామూలే.

అపాయింట్‌మెంట్ పొద్దుటి పూటే అడగండి. మధ్యాహ్నానికి చేతులు మంచివైపోయి కూర్చుంటాయి! అది దొరక్కపోతే ఆరింటికి కిటికీ వెలుగులో ఫోటో తీసి పట్టుకెళ్లాలి. పేరు లేని పొట్లాల మందు వాడి ఉంటే దాచకుండా చెప్పాలి. అందులో స్టెరాయిడ్ ఉంటే వాపు గుర్తులు అణిగిపోతాయి. "ఎన్నింటికి లేస్తారమ్మా, ఎన్నింటికి చెయ్యి ఆడుతుంది?" తర్వాత నేను కలిసిన రుమటాలజిస్టు గారి మొదటి ప్రశ్న ఇదే. నోటుబుక్కు తిప్పి చూపించాను.

రుమటాయిడ్‌ని అదుపులో పెట్టే మెథోట్రెక్సేట్ మాత్ర రాశారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది, జరిగే పొరపాట్లలో అతి చెడ్డది ఇదే. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు. రక్తకణాలకూ లివర్‌కూ మధ్యమధ్యలో పరీక్షలు. గుణం కనపడటానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, కాబట్టి మూడో వారానికే మానేయకూడదు. మా ఇంట్లో ఆ స్ట్రిప్ మిగతా మందుల డబ్బాలో ఉండదు. బీరువా పై అరలో, "ఆదివారం" అని రాసిన కవర్లో ఉంటుంది.