రెండు ఊళ్ల మధ్య ఆగిపోయిన టీకా కార్డు

మా పాపకి పదకొండో నెల నడుస్తుండగా మా వరసలో చివరి పోర్షన్‌లో ఉండే బాబుకి ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు లేచాయి. గుమ్మానికి వేపమండలు కట్టి, అమ్మవారు పోసిందన్నారు. డాక్టర్ చూసి తట్టు అని చెప్పాడట. ఆ రాత్రి బీరువాలోంచి పాప కార్డు తీసి చూశాను. పది వారాల గడిలో పెన్నుతో రాసిన తేదీ ఉంది. ఆ తర్వాత గళ్లన్నీ ఖాళీ.

టీకాలు వద్దనుకున్నవాళ్లం కాదు మేము. మొదటి కాన్పు కాబట్టి ఖమ్మం జిల్లాలో పుట్టింట్లో పురుడు పోసుకున్నాను. పుట్టిన రోజే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి వేశారు. ఆరు వారాలకీ, పది వారాలకీ ఆశా అక్క ఇంటికొచ్చి మరీ పిలుచుకెళ్లింది. మూడో నెల నిండగానే బిడ్డనెత్తుకుని హైదరాబాద్ వచ్చేశాను. అక్కడి రిజిస్టర్లో మా పాప ఊరెళ్లిపోయింది. ఇక్కడి రిజిస్టర్లో అసలు పేరే లేదు. పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఇలా జారిపోయే పిల్లలు ఎంతమందో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఐదు జబ్బులకి కలిపి ఒకే సూదిగా వేసే పెంటావాలెంట్ రెండో డోసు పడిన రాత్రి పాప తొడ గట్టిపడి, ఒళ్లు కాలిపోయి, తెల్లవార్లూ ఏడ్చింది. అప్పుడు చూడటానికి వచ్చిన అత్తయ్య ఆ రాత్రి మర్చిపోలేదు. "కాస్త బలం పుంజుకోనీ, తర్వాత వేయిద్దాం" అంది. ఆ తర్వాత అన్నది రానే లేదు. 2017 ఆగస్టులో తెలుగు రాష్ట్రాల్లో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకి తట్టు, రూబెల్లా రాకుండా ఎంఆర్ టీకా వేసినప్పుడు కూడా వాట్సాప్‌లో ఏదో చదివి మా అన్నయ్య తన కూతుర్ని ఆ రోజు బడికి పంపలేదు. ప్రేమ లేక కాదు, భయం.

తెల్లారి దగ్గర్లోని ఆరోగ్య కేంద్రానికి వెళ్తే, టీకాలు బుధవారమే అన్నారు. బుధవారం మళ్లీ వెళ్తే, కార్డు తిప్పి చూసి, "ఎక్కడ రాయించుకున్నారో అక్కడే వేయించుకోవాలమ్మా" అన్నారు. మా ఆయన టైల్స్ పని చేస్తారు. నాతో వచ్చినందుకు ఆయనకి ఆ రోజు కూలీ పోయింది. ఆటోలో నాకు ఏడుపు ఆగలేదు. దేశంలో ఎక్కడ పుట్టిన బిడ్డకైనా ఎక్కడైనా ఉచితంగా వేయాల్సిన టీకా అది.

ఆ వారమే ఇంకో కేంద్రం గురించి తెలిసి శనివారం వెళ్లాం. అక్కడి నర్సమ్మ ఏమీ అడక్కుండా ముందు పాపని ఒళ్లోకి తీసుకుంది. "మళ్లీ మొదటి నుంచి అక్కర్లేదమ్మా, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే" అంది. ఎంఆర్ ఐదేళ్లు నిండేలోపు ఎప్పుడైనా వేయొచ్చట. డబ్బాలోంచి చిన్న సీసా తీసింది. అడుగున తెల్లటి పొడి. ఇంకో సీసాలోని నీళ్లు అందులోకి ఎక్కించి మెల్లగా కదిపి, లేబుల్ మీద టైము రాసింది. నాలుగు గంటలు దాటితే మిగిలింది పారేయాల్సిందేనట. ఆ రోజు పాపకి నాలుగు సూదులు పడ్డాయి. రెండు తొడలకీ, రెండు భుజాలకీ.

"ఇన్ని ఒకేసారా?" అని అత్తయ్య గొంతు వణికింది. ఫర్వాలేదని చెప్పి, నర్సమ్మ ఆవిణ్ని పక్కన కూర్చోబెట్టుకుంది. తట్టు వచ్చిన బిడ్డ దగ్గి వెళ్లిపోయాక కూడా ఆ గదిలో రెండు గంటల దాకా వైరస్ గాల్లోనే ఉంటుందట. ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకోగలదట. అందుకే నూటికి 95 మందికి రెండు డోసులూ పడాలి, అప్పుడే తొమ్మిది నెలలు నిండని పసివాళ్లకి కూడా కాపు అని చెప్పింది. మా వరసలో ఆరు పోర్షన్లకీ ఒకటే నల్లా, ఒకటే వరండా. అత్తయ్య ఇంకేం మాట్లాడలేదు.

అరగంట అక్కడే కూర్చోబెట్టి పంపారు. జ్వరం రావొచ్చని, ఎంత మందు వేయాలో బరువు చూసి రాసిచ్చారు. ఆ రాత్రి జ్వరం వచ్చింది. ఈసారి మందు వేసింది అత్తయ్యే. మర్నాడు సాయంత్రానికి పాప వరండాలో పాకుతోంది.

పదహారో నెల నిండగానే రెండో ఎంఆర్, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకి వేసే డీపీటీ బూస్టర్ తేదీ తప్పకుండా వేయించాం. చివరి పోర్షన్ బాబు కోలుకున్నాడు కానీ నెల రోజులు సరిగ్గా తిండి తినలేదు, బాగా చిక్కిపోయాడు.

పోయిన వారం ఆ పక్క పోర్షన్‌లోకి శ్రీకాకుళం నుంచి కొత్త కుటుంబం దిగింది. ఆ అమ్మాయి ఒళ్లో నాలుగు నెలల బిడ్డ. సామాను ఇంకా సర్దుకోనేలేదు, అత్తయ్య వెళ్లి గుమ్మంలో నిలబడింది. "టీకా కార్డు ఏదమ్మా, ఇలా తే చూద్దాం."