తొమ్మిదిని నైనర్ అనడం అలవాటైంది

కంప్యూటర్ సిమ్యులేటర్‌లో విమానం దించడం వచ్చి రెండేళ్లయింది. రేడియోలో నోరు విప్పింది మాత్రం ఈ ఏడాదే. వ్యాట్‌సిమ్ అనే ఉచిత ఆన్‌లైన్ నెట్‌వర్క్‌లో మనలాంటి ఔత్సాహికులే విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లుగా కూర్చుంటారు. అసలు పైలట్లు వాడే మాటలనే అక్కడా వాడాలి. పదకొండు వారాల నా నోటుపుస్తకంలోంచి కొన్ని పేజీలు ఇవి.

మొదటి వారం. మీట నొక్కుతూనే మాట్లాడేశాను. నా కాల్‌సైన్‌లో, అంటే రేడియోలో నా విమానం పేరులో, మొదటి ముక్క ఎగిరిపోయింది. నొక్కాక అర సెకను ఆగాలి. ఎవరిని పిలుస్తున్నాను, నేనెవరిని, ఎక్కడున్నాను, ఏం కావాలి: ఈ వరుసను చీటీ మీద రాసి మానిటర్ అంచుకు అంటించాను. తర్వాతి రెండు వారాలు మైకు జోలికి పోలేదు, విన్నానంతే.

నాలుగో వారం. విశాఖ నుంచి శంషాబాద్. కిందికి దిగుతుండగా క్యూఎన్‌హెచ్, అంటే ఎత్తు చూపే ఆల్టిమీటర్‌లో పెట్టాల్సిన గాలి పీడనం, ‘వన్ జీరో జీరో వన్’ అని చెప్పారు. నేను ‘వన్ జీరో వన్ జీరో’ అని తిరిగి చదివాను. వెంటనే ‘నెగటివ్’ అని వినిపించింది. చెవులు వేడెక్కాయి. పీడనాన్ని కొలిచే ఒక్కో హెక్టోపాస్కల్‌కు ఎత్తు సుమారు 27 అడుగులు మారుతుంది. తొమ్మిది తేడా అంటే దాదాపు 250 అడుగులు. ఆల్టిమీటర్ చూపే ఎత్తుకన్నా అంత కిందుగా ఎగురుతూ ఉండేవాణ్ణి. ఊరికే ‘రోజర్’ అని ఉంటే ఆ తప్పు ఎవరికీ తెలిసేది కాదు. రోజర్ అంటే విన్నాననే తప్ప సరేనని కాదు. అందుకే రన్‌వే, ఎత్తు, దిశ, క్యూఎన్‌హెచ్, స్క్వాక్ సంఖ్య (రాడార్‌లో విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెల కోడ్) తప్పకుండా తిరిగి చదవాలి.

ఇప్పుడు ముందే కాగితం మీద గళ్లు గీసి పెట్టుకుంటున్నాను. ఒక చిట్కా: స్క్వాక్ సంఖ్యలో 0 నుంచి 7 దాకా అంకెలే ఉంటాయి. మీరు రాసుకున్నదాంట్లో 8 కనిపించిందా, తప్పు విన్నారన్నమాట. నాకు రెండుసార్లు కనిపించింది!

ఆరో వారం. నా గొంతు రికార్డు చేసి విన్నాను. వినకుండా ఉంటే బాగుండేదనిపించింది. ప్రతి మాట చివరా ఒక ‘ఉ’ తగిలిస్తున్నాను: రైటు, లెఫ్టు, టవరు. తెలుగు నాలుక, ఏం చేస్తాం. ఊరట ఏమిటంటే, మూడును ‘ట్రీ’ అనమనే అంతర్జాతీయ నియమం చెబుతుంది. బడిలో ‘థ్రీ’ కోసం తిన్న చీవాట్లన్నీ వృథా. అయిదు ‘ఫైఫ్’, తొమ్మిది ‘నైనర్’; గరగరలో ఆ రెండూ ఒకటిగా వినిపించకుండా. మొన్న గ్యాస్ బుకింగ్‌కు ఫోను చేసి నంబరు చెబుతూ ‘నైనర్’ అన్నాను. అవతలి మనిషి మళ్లీ చెప్పమన్నాడు.

ఏడో వారం. రన్‌వే అంచున ఆగి ‘రెడీ ఫర్ టేకాఫ్’ అన్నాను. ఆ కంట్రోలర్ పనంతా అయ్యాక చాట్‌లో ఓపికగా వివరించాడు: అనుమతి ఇచ్చేటప్పుడో రద్దు చేసేటప్పుడో తప్ప టేకాఫ్ అనే మాట రాకూడదు, అంతదాకా ‘డిపార్చర్’ అనాలి. దీని వెనక 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవిలో రన్‌వే మీద రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదం ఉంది. పొగమంచులో కేఎల్ఎం విమానం అనుమతి లేకుండానే పరుగు మొదలుపెట్టింది. ఆగమని టవర్, ఇంకా రన్‌వే మీదే ఉన్నామని రెండో విమానం పాన్ యామ్ ఒకే క్షణంలో మాట్లాడటంతో కేఎల్ఎం కాక్‌పిట్‌లో కీచుమనే శబ్దమే ఎక్కువగా వినిపించింది. 583 మంది చనిపోయారు. విమానాల రేడియో ఏఎం పద్ధతిలో పనిచేస్తుంది కాబట్టి ఇద్దరు ఒకేసారి నొక్కితే ఆ కీచు వస్తుంది. అప్పటినుంచి అది వినిపిస్తే, ఎవరి మాట పోయిందో అడుగుతున్నాను.

పదకొండో వారం. కంట్రోలర్ మొత్తం క్లియరెన్స్ (ప్రయాణానికి అనుమతి) ఒక్క గుక్కలో చెప్పాడు, ఒక్కసారికే సరిగ్గా చదివాను. వేగంగా చెబితే మాత్రం ఇంకా తడబడుతున్నాను. ‘సే అగైన్’ అనడానికి సిగ్గు పోయింది, అంతవరకు నయం. వచ్చే శనివారం ఢిల్లీ. అక్కడ రద్దీ ఎక్కువ. ముందు అరగంట వింటూ కూర్చుని, ఆ తర్వాతే పుష్‌బ్యాక్, అంటే గేటు నుంచి విమానాన్ని వెనక్కి నెట్టే అనుమతి, అడుగుతాను.