గెట్టు దాటిన నాలుగు బైట్లు

కొన్ని నెలలుగా రాత్రిపూట హన్మకొండలో మా ఇంట్లో కూర్చుని సీ భాషలో ఒక చిన్న వర్చువల్ మెషిన్ (వేరే ప్రోగ్రామ్‌లని తనలో నడిపే, సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్) రాస్తున్నాను. దాంట్లో నడిచే ప్రోగ్రామ్‌కి 65,536 బైట్ల మెమరీ ఇచ్చి, చదవడానికైనా (లోడ్) రాయడానికైనా (స్టోర్) ముందు హద్దు చూస్తున్నాను కాబట్టి ఆ వైపు నుంచి భయం లేదనుకున్నాను.

పోయిన వారం కాజీపేట నుంచి, నా మెషిన్ మీద ప్రోగ్రామ్ రాస్తున్న మా బాబాయి కొడుకు ఫోన్. "అన్నా, మెమరీల ఒక్క నంబర్ పెట్టిన, స్టాక్ మొత్తం ఖరాబైంది."

చూస్తే వాడు లెక్క తప్పి మైనస్ 4 అనే అడ్రస్‌లో రాశాడు. దాన్ని పట్టుకోవాల్సింది మాత్రం నా మెషినే. నేను పెట్టిన చెక్ ఏంటంటే, అడ్రస్‌కి 4 (ఒక నంబర్‌కి పట్టే బైట్లు) కలిపితే 65,536 దాటకూడదు. మైనస్ 4కి 4 కలిపితే సున్నా, దాటలేదు కదా, వదిలేసింది. మెషిన్ డేటా అంతా వరసగా ఉండే స్ట్రక్చర్‌లో ఆ మెమరీకి సరిగ్గా ముందున్న నాలుగు బైట్లు మెషిన్ సొంత స్టాక్ పాయింటర్ (స్టాక్ పైభాగం ఎక్కడుందో చెప్పే నంబర్), వాడి నంబర్ పోయి అందులో కూర్చుంది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు, అదే నాకు అన్నిటికన్నా భయం వేసిన విషయం. చేనుకి ఒక దిక్కు గెట్టు పోసి రెండో దిక్కు మరిచిపోయాను.

అడ్రస్‌ని అన్‌సైన్డ్ చేశాను, అంటే మైనస్ లేని నంబర్, మైనస్ విలువ వస్తే చాలా పెద్ద నంబర్‌గా చదువుతుంది. అయినా కూడిక అలాగే ఉంటే 32 బిట్లలో తిరిగి సున్నాకే వస్తుంది! కూడిక తీసేసి, అడ్రస్ 65,532 కన్నా ఎక్కువైతే ఆపెయ్ అని రాశాను. మైనస్ 4 ఇప్పుడు 4,29,49,67,292గా కనిపిస్తుంది, ఒక్క పోలికతో రెండు దిక్కులా గెట్టు పడింది.

చెక్‌లు పెడితే స్లో అవుతుందని కొందరు తీసేస్తారు, నాకది అస్సలు నచ్చదు. జావా ప్రతి అర్రే ఇండెక్స్‌నీ చూస్తుంది, లూప్‌లో హద్దు దాటదని ముందే తేలితేనే జావా ప్రోగ్రామ్‌లని నడిపే హాట్‌స్పాట్ ఆ చెక్ తీసేస్తుంది. వెబ్‌అసెంబ్లీలో (బ్రౌజర్లలో కూడా నడిచే ఒక బైట్‌కోడ్) 32 బిట్ల అడ్రస్ ఎంత దూరం వెళ్లగలదో ముందే తెలుసు కాబట్టి, 64 బిట్ల మెషిన్ల మీద దాన్ని నడిపే చాలా రన్‌టైమ్‌లు అంత అడ్రస్ స్థలాన్నీ ముందే పట్టి పెట్టుకుంటాయి, ర్యామ్ కాదు, ఖాళీ అడ్రస్‌లే. గీత దాటి ముట్టుకుంటే ప్రాసెసరే ఆపేస్తుంది. ఎంత బాగుందో ఈ ఆలోచన!

నాకింకా బ్లాక్ కాపీ (ఒక చోటి బైట్లని గుంపుగా ఇంకో చోటికి కాపీ చేయడం) మిగిలింది. అందులో పొడవు కూడా ప్రోగ్రామే చెప్తుంది. 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ అనే లోపంలో, ఇంటర్నెట్‌లో డేటాని రహస్యంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీ అవతలివాళ్లు చెప్పిన పొడవుని అలాగే నమ్మి, ఒక్కో అడుగుడికి 64 కేబీ దాకా తన మెమరీని ఇచ్చేసింది. ఈ రాత్రి ముందు మైనస్ పొడవుతో ఒక టెస్ట్ రాసి, ఆ తర్వాతే కాపీ మొదలుపెడతాను.