ఓమ్నీ: ఆయిల్ లైటు ఆరడానికి ఏడు సెకన్లు

బండి స్టార్టు చేశాక, ఆయిల్ ప్రెషర్ ఇంకా రాలేదని చెప్పే ఎర్ర లైటు ఆరడానికి ఈ పొద్దున పట్టింది 3.4 సెకన్లు. నిన్న 3.1, మొన్న 3.6. నెల కిందట ఇదే అంకె ఏడు దగ్గర ఉండేది కాబట్టి సంతోషించాలి. కానీ మనసొప్పడం లేదు. రెండులోపు రావాలి అది.

బండి గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. 2009 మారుతి ఓమ్నీ వ్యాను, ఎంపీఎఫ్ఐ (పెట్రోలుని ఇంజెక్టర్లు చిమ్మే రకం), 796 సీసీ, ఓఆర్ 20 అనే ఒడిశా నంబరు. పలాస నుంచి పర్లాకిమిడికి జీడిపప్పు డబ్బాలు మోసి మోసి అలిసిన బండి. నా చేతికొచ్చేసరికి మీటరు మీద 1,43,620. మధ్యలో కొన్నాళ్ళు మీటరు కేబుల్ తెగి ఉందని పాత ఓనరే నిజాయితీగా చెప్పాడు. ఇంకో పాతిక వేలు కలుపుకోండి. వెనక తలుపు తీస్తే ఇప్పటికీ జీడిపప్పు వాసనే.

కొన్న వారానికే ఆయిల్ దించాను. డ్రెయిన్ బోల్టు తీస్తే వచ్చింది 2.1 లీటర్లు, తారులాగా. నింపేటప్పుడు ఫిల్టరుతో కలిపి 2.9 పట్టింది, అంటే పాపం ముప్పావు లీటరు తక్కువతో తిరుగుతోంది. కొత్తగా పోసింది 15డబ్ల్యూ-40 (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే గ్రేడు), ఫిల్టరు కూడా కొత్తది. ఎయిర్ ఫిల్టరు, ఫ్యూయల్ ఫిల్టరు మార్చాను, పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లని బయటికి లాగేది) కడిగాను. అవన్నీ బాగానే ఉన్నాయి, వాటి గురించి రాయడానికేం లేదు.

తంటా అంతా తెల్లారి మొదటి స్టార్టుతోనే. కీ తిప్పగానే ఇంజిన్ అందుకుంటుంది గానీ ఎర్ర ఆయిల్ లైటు ఆరదు. ఓమ్నీలో ఇంజిన్ మన సీటు కిందే కదా, డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు చప్పుడు నేరుగా నడుముకి తగులుతుంది. ఒకటి, రెండు, మూడు... ఏడు. అప్పుడు టక్కున లైటు ఆరుతుంది, చప్పుడూ ఆగుతుంది. ఇక రోజంతా ఏ గొడవా ఉండదు.

ముందు లైటునే అనుమానించాను. ప్రెషర్ స్విచ్ కొత్తది వేస్తే అదే ఏడు. డబ్బులు దండగ. మా మిస్త్రి దగ్గర ప్రెషర్ చూపే ముల్లు గేజి ఉంటే స్విచ్ తీసి ఆ కన్నంలో బిగించాం. స్టార్టు చేశాక ఆరు సెకన్ల దాకా ముల్లు సున్నా మీదే పడుకుని, ఒక్కసారిగా మూడున్నర కిలోలకు (చదరపు సెంటీమీటరుకి) ఎగిరింది. అంటే లైటు చెప్పేది నిజమే, పైకి ఆయిల్ ఆలస్యంగానే వెళ్తోంది. ఇంజిన్ బాగా వేడెక్కాక స్లోలో 1.1 కిలోలు చూపించింది. ఇన్ని కిలోమీటర్లు తిరిగిన బండికి అది చెడ్డ అంకె కాదు. పంపు పూర్తిగా పోలేదని ధైర్యం వచ్చింది.

తర్వాత ఫోన్లో వీడియో తీస్తూ లెక్కలు మొదలుపెట్టాను. ఆపిన గంటకు స్టార్టు చేస్తే 2 సెకన్లు. నాలుగు గంటలకు 4.3. రాత్రంతా ఉంచితే 6.5 నుంచి 7.2. మా సందు కాస్త వాలుగా ఉంటుంది కాబట్టి ముక్కు ఎత్తుకి పెట్టి ఒక రాత్రి, పల్లానికి పెట్టి ఒక రాత్రి చూశాను. 6.8, 6.6. తేడా లేనట్టే. బండి ఎంతసేపు నిలబడితే అంత ఆలస్యం. ఎక్కడి నుంచో ఆయిల్ నెమ్మదిగా కిందికి దిగిపోతోందన్నమాట.

మిస్త్రికి ఇదంతా వేళాకోళం. "ఏటి బావూ, సెకన్లు లెక్కెట్టుకుంటారేటి? బండి నడుస్తంది కదా! పాత బండికి చిక్కటాయిలు పొయ్యాల, 20-50 ఎయ్యండి." ఆయన మాట కాదనలేక, నిజం చెప్పాలంటే నాకూ చూడాలని ఉండి, ఉన్న 15డబ్ల్యూ-40ని శుభ్రమైన క్యానులోకి దించి దాచి, 20డబ్ల్యూ-50 పోశాను. ఫిల్టరు మాత్రం కావాలనే మార్చలేదు. మర్నాడు 8.1 సెకన్లు. రెండు వారాల్లో ఒక్కసారి కూడా 7.5 కిందికి రాలేదు.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే మనవాళ్ళు డబ్ల్యూ ముందున్న అంకె మీద తెగ వాదించుకుంటారు. ఆ అంకె చలిలో స్టార్టరు ఇంజిన్‌ని తిప్పగలదా అనే పరీక్షది; 15డబ్ల్యూకి మైనస్ 20 డిగ్రీల దగ్గర, 20డబ్ల్యూకి మైనస్ 15 దగ్గర చేస్తారు. మా గుమ్మం ముందు చలికాలం పొద్దున థర్మామీటరు చూపించేది ప్లస్ 15. ఆ పరీక్షలు పాసైన ఏ ఆయిలైనా ఇక్కడ స్టార్టరుకి బరువు కాదు. అసలు తేడా వెనక అంకెలో ఉంది. 100 డిగ్రీల దగ్గర 40 గ్రేడు 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనం కొలత) మధ్య ఉండాలి, 50 గ్రేడు 16.3 నుంచి 21.9. చల్లగా ఉన్నప్పుడూ 20-50 ఇంకా చిక్కగానే ఉంటుంది కాబట్టి ఖాళీ అయిన దారిని నింపడానికి ఇంకాస్త టైము పడుతుంది. అరిగిన బేరింగులున్న ఇంజిన్‌కి వేడి మీద లైటు మిణుకుమిణుకుమంటే 50 పోయడంలో అర్థముంది. నా బండిలో ఆ సమస్యే లేదు. దాచిన 15-40ని తిరిగి పోసేశాను. తీసిన ఆయిల్ మళ్ళీ పోస్తావా అని తిట్టేవాళ్ళుంటారు, తెలుసు. అప్పటికి అది నాలుగు వందల కిలోమీటర్లే తిరిగింది.

మిగిలింది ఫిల్టరు. ఈ ఇంజిన్‌లో అది బ్లాకు పక్కన అడ్డంగా బిగుస్తుంది. గిన్నెలా మూతి పైకి ఉంటే ఆయిల్ అందులోనే నిలిచేది. పక్కకి పడుకుని ఉంటుంది కాబట్టి, లోపలున్న రబ్బరు వాల్వు పట్టుకుంటేనే నిలుస్తుంది. చుట్టూ ఉన్న చిన్న కన్నాల్లోంచి ఆయిల్ లోపలికి వెళ్తుంది, ఇంజిన్ ఆగాక అదే దారిన వెనక్కి రాకుండా ఆ రబ్బరు మూసుకోవాలి.

ఒక ఆదివారం, రాత్రంతా నిలిపిన బండి కింద ట్రే పెట్టి, స్టార్టు చేయకుండానే ఫిల్టరు విప్పాను. కారినదీ లోపల ఉన్నదీ కలిపి దగ్గు మందు మూతతో కొలిస్తే 35 మి.లీ. అదే సైజు కొత్త ఫిల్టరు 210 మి.లీ. పట్టింది (అమ్మ పప్పు కొలిచే గ్లాసు వాడాను, ఇప్పుడది నాదే). అంటే రోజూ పొద్దున పంపు దాదాపు 175 మి.లీ. ఫిల్టరులోకి తోసి, ఆ తర్వాతే బేరింగులకి పంపుతోంది.

తర్వాత ఊది చూశాను. నడిమి కన్నానికి మూతి పెట్టి గట్టిగా ఊదితే చుట్టూ కన్నాల్లోంచి గాలి రాకూడదు. నా ఫిల్టరులో బుస్సుమని వచ్చింది, దాంతోపాటు మీసం నిండా నల్లటి ఆయిల్. కొత్త ఫిల్టరు కొనేటప్పుడు షాపులోనే ఇలా చెయ్యొచ్చు, పొడిగా ఉంటుంది కాబట్టి మొహం పాడవదు. షాపువాడు చూసే చూపు మాత్రం భరించాలి.

హాక్సా బ్లేడుతో కోశాను. ఆ రబ్బరు పల్లెం అట్టలా గట్టిపడి, ఒక వైపు మడత పడి ఉంది. ఏడు వందల కిలోమీటర్లయినా తిరగని ఫిల్టరు అది! కాగితం మడతలు లెక్కపెడితే 37, రెండు చోట్ల జిగురు సరిగ్గా అంటలేదు. డబ్బా మీద పేరున్న కంపెనీ బొమ్మే ఉంది గానీ అచ్చు కాస్త మసకగా ఉండటం నేనప్పుడు పట్టించుకోలేదు. అది నకిలీ అని నా అనుమానం, అందుకే పేరు రాయడం లేదు. కొన్నది నూట పది రూపాయలకి.

పెళ్ళి పని మీద బరంపురం వెళ్ళినప్పుడు ఎలోఫిక్ కంపెనీ ఫిల్టర్లు రెండు తెచ్చాను, ఒకటి బిగించడానికి, ఒకటి కోయడానికి. ఈ రెండో సంగతి ఇంట్లో చెప్పలేదు. రెండూ ఊదుడు పరీక్ష పాసయ్యాయి. కోసినదాంట్లో మడతలు 52, రబ్బరు మెత్తగా వేలికి సాగుతోంది. మామూలు నల్ల రబ్బరు కాలం గడిచేకొద్దీ వేడికి గట్టిపడుతుంది, సిలికాన్‌ది అయితే ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. ఈ సైజులో సిలికాన్ వాల్వుది నాకింకా కనబడలేదు, ఎవరికైనా దొరికితే చెప్పండి.

ఏడు కాస్తా మూడున్నర అయింది అలాగే. సగం గెలిచాను. మిగతా సగం ఎక్కడ? శ్రీకాకుళంలో రెండు రాత్రులుండి వచ్చాక స్టార్టు చేస్తే 5.2. కారడం ఆగలేదు, నెమ్మదించిందంతే. నా మొదటి అనుమానం పంపు గేర్ల మీద. అరిగి సందులు పెరిగితే నిలిచిన ఆయిల్ వాటిలోంచే చాంబర్లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) జారిపోతుంది. రెండోది, ఆయిల్ పీల్చే జాలీ గొట్టం దగ్గర సీలు గట్టిపడి గాలి లాగుతుండొచ్చు. లేదా జాలీ నిండా మడ్డి పట్టి ఉండొచ్చు. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపల కాటుక గిన్నెలా ఉంది మరి.

ఆ మడ్డికి ఫ్లష్ (మడ్డిని కరిగించే ద్రవం) పోసి కడిగేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. నేను పొయ్యను. ఏళ్ళ తరబడి పట్టిన మడ్డి పదిహేను నిమిషాల్లో పెచ్చులుగా ఊడితే వెళ్ళి పడేది ఆ జాలీ మీదే. దానికి బదులు 3,000 కిలోమీటర్లకే ఆయిల్ మార్చుకుంటూ పోతాను. అందుకే ఖరీదైన సింథటిక్ వద్దనుకున్నాను. వెయ్యి కిలోమీటర్లకు 350 మి.లీ. తాగే బండికి అది పోస్తే చెయ్యి వణుకుతుంది. బంకులో దొరికే సర్వో ఆయిల్ చాలు, డబ్బా వెనక ఏపీఐ ఎస్ఎన్ (పెట్రోలు ఇంజిన్ ఆయిల్ నాణ్యత గ్రేడు) ఉంటే నాకు తృప్తి. 2010 నాటి గ్రేడు అది, ఈ ఇంజిన్‌కి ఎక్కువే. లారీల డీజిల్ ఆయిల్ పోసి నడిపే ఓమ్నీలు మా దగ్గర బోలెడున్నాయి, అవీ తిరుగుతున్నాయి. కానీ వెనక సీతో మొదలయ్యే డీజిల్ గ్రేడు ఒక్కటే రాసి ఉంటే నేను ముట్టుకోను.

సంక్రాంతి అయ్యాక చాంబర్ దించుతాను. జాలీ కడిగి, సీలు మార్చి, అప్పుడూ రెండులోపు రాకపోతే పంపు. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కించాలని ఉంది, 1,501 మీటర్ల కొండ, ఫస్టు గేరులో మూలుగుతూ ఎక్కే చోట ఆయిల్ ప్రెషర్ మీద అనుమానం పెట్టుకుని వెళ్ళలేను. ముల్లు గేజిని శాశ్వతంగా డాష్‌బోర్డు కింద బిగించేద్దామని కూడా చూస్తున్నాను. మిస్త్రి తనది ఇవ్వనన్నాడు. చాంబర్ ప్యాకింగు ఇక్కడ దొరకలేదు, పాతపట్నంలో ఒకాయన గురువారం రమ్మన్నాడు.