ఉక్కపోతలో పగడాల తొట్టె

మే నెలాఖరు, ఆదివారం.

పొద్దున్న ఆరున్నరకి తొట్టెలో 27.6 డిగ్రీలు. రాత్రంతా ఫ్యాన్ తిరిగినా ఇంతే. అద్దం మీద నిన్న టేపు అంటించిన గీతకీ నీటిమట్టానికీ తేడా లేదు. నీళ్ళు ఆవిరి కాలేదు కాబట్టే చల్లబడలేదు.

విశాఖలో పగడాలు పెంచేవాళ్ళు ఎండ కన్నా ముందు గాలి ఎటునుంచి వస్తోందో చూసుకోవాలి. పడమటి వడగాలి రోజున బయట 40 డిగ్రీలున్నా, తేమ 25 శాతమే ఉంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 చూపిస్తుంది. అలాంటప్పుడు నీటి మీదకి ఏటవాలుగా బిగించిన రెండు కంప్యూటర్ ఫ్యాన్లు చాలు. సముద్రపు గాలి తిరిగాక 33 డిగ్రీలే, కానీ తేమ 75 శాతం. అప్పుడు తడిగుడ్డ లెక్క 29 దగ్గర ఆగిపోతుంది. పది ఫ్యాన్లు పెట్టినా నీళ్ళు అంతకన్నా చల్లబడవు. పగడం ఒంట్లో ఉండి దానికి తిండి తయారుచేసే సూక్ష్మ శైవలాలు కొన్ని రోజుల పాటు ఎడతెగని వేడిలో బయటికి పోతాయి, పగడం తెల్లబడుతుంది.

తొట్టె పేరుకి 60 లీటర్లు, రాళ్ళూ ఇసుకా పోను నీళ్ళు 50. దీనికి చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే యంత్రం) దండగ, పైగా అది లాగిన వేడంతా అదే గదిలోకి కక్కుతుంది. తొమ్మిదింటికి ఏసీ 26కి పెట్టి తలుపు వేశాను. ఏసీ తేమ కూడా లాగేస్తుంది కాబట్టి ఫ్యాన్ మళ్ళీ పనిలోకి వస్తుంది. మధ్యాహ్నానికి 26.8. ఐసు సీసాలు తేలేయడం మాత్రం వద్దు. అరగంటలో రెండు డిగ్రీలు దిగి సాయంత్రానికి మళ్ళీ ఎక్కుతుంది. నిలకడగా ఉండే 27 కన్నా ఆ ఊగిసలాటే చెడ్డది.

ఏసీ నడిచిన రోజు నీళ్ళు లీటరు దాకా తగ్గుతాయి. ఉప్పు ఎక్కడికీ పోదు. 50లో ఒక లీటరు పోతే లవణీయత (కిలో నీళ్ళలో ఉప్పు గ్రాములు) 35 నుంచి 35.7కి ఎక్కుతుంది. గీత దాకా మంచినీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. రోజూ కొంచెం కొంచెంగా, ఆదివారం ఒకేసారి కాకుండా.

ఆ మంచినీళ్ళ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఇంట్లో తాగే ఆర్‌ఓ మిషన్‌లో చాలావరకు టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మోతాదు) కంట్రోలర్ ఉంటుంది, రుచి కోసం పచ్చినీళ్ళు కొన్ని తిరిగి కలుపుతుంది. ఈమధ్య కొన్నిటిలో రాగి కార్ట్రిడ్జి ఒకటి. మనకి రాగి మంచిదో కాదో గానీ రొయ్యలకీ నత్తలకీ అది విషం, పగడాలకీ పడదు. మెంబ్రేన్ (వడపోత పొర) దాటగానే, మిగతావాటికి ముందే గొట్టం చీల్చి, డీఐ రెసిన్ (మిగిలిన లవణాల్ని పట్టేసే గుళికలు) గుండా పంపి, టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తేనే వాడాలి.

రెండున్నరకి కరెంటు పోయింది. వెచ్చటి నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ, కదలిక ఆగితే ముందు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. ఇన్వర్టర్ మీద పవర్‌హెడ్ (తొట్టెలో నీళ్ళు తిప్పే చిన్న పంపు) ఒక్కటే ఉంచాలి, అది అయిదు వాట్లే. లైట్లు రెండు గంటలు లేకపోతే పగడానికి ఏమీ కాదు.

సాయంత్రం అయిదు లీటర్ల నీటి మార్పు. నీళ్ళలో అక్వేరియం సముద్రపు ఉప్పు వెయ్యాలి, ఉప్పు మీద నీళ్ళు పోస్తే కాల్షియం తెల్లగా అడుగున పేరుకుంటుంది. 180 గ్రాములు వేసి, పంపుతో మూడు గంటలు తిప్పి, రిఫ్రాక్టోమీటరుతో (లవణీయత కొలిచే పరికరం) 35 చూశాకే పొయ్యాలి. ఆ రిఫ్రాక్టోమీటరుని 35 లవణీయత ఉన్న ద్రావణంతోనే సరిచేసుకోవాలి. మంచినీళ్ళతో సున్నా దగ్గర సరిచేస్తే 35 దగ్గర తప్పు చూపించొచ్చు. ఆర్‌కే బీచ్ నీళ్ళు బిందెతో తెచ్చుకోవచ్చు కదా అంటారు. కాలవలు కలిసేచోటు నీళ్ళవి, వానలు పడ్డాక ఉప్పు కూడా పలచబడుతుంది.

క్షారత 7.4 డీకేహెచ్ (క్షారత కొలిచే ప్రమాణం). ఎనిమిది దగ్గర ఉండాలి. 50 లీటర్లలో ఒక డీకేహెచ్ పెరగడానికి తినేసోడా గ్రామున్నర. బేకింగ్ పౌడర్ కాదు, అందులో వేరేవి కలుస్తాయి. ఒక గ్రాము కప్పు నీళ్ళలో కరిగించి పవర్‌హెడ్ ముందు మెల్లగా పోశాను. నైట్రేట్ (చేపల వ్యర్థాల నుంచి వచ్చేది) 5 పీపీఎం, మంచిదే. సున్నాకి తెస్తే డైనోలు (గోధుమరంగు జిగురులా పరుచుకునే సూక్ష్మజీవులు) పట్టుకోవచ్చు.

ఈ తొట్టెలో ఉన్న పగడాలన్నీ మెత్తటి రకాలే: జోయాంథస్, మష్రూమ్, లెదర్. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, సముద్రంలోంచి ముక్క విరవడం కూడా నేరం. జోయాంథస్‌ని ముట్టుకుంటే గ్లోవ్స్ తప్పనిసరి, కళ్ళజోడు కూడా. కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే గట్టి విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని ఉడకబెట్టి శుభ్రం చేద్దామని ఎవరూ అనుకోకండి, ఆవిరితోనే ఆస్పత్రి పాలవుతారు.

లెదర్ మూడు రోజులుగా మూసుకునే ఉంది, పైన మైనం పూసినట్టు మెరుపు. చర్మం వదిలేటప్పుడు అలాగే చేస్తుంది, వారం పట్టొచ్చు. బ్రష్‌తో గీకకూడదు. పవర్‌హెడ్‌ని కొంచెం అటు తిప్పి, కార్బన్ (నీళ్ళలోని మలినాలు పట్టే బొగ్గు) సంచి మార్చాను. పక్కన జోయాంథస్ మామూలుగానే విచ్చుకుంది, కాబట్టి తప్పు నీళ్ళది కాదు. రాత్రి తొమ్మిదికి లైట్లు ఆరేసరికి 26.5, లెదర్ ఒక అంచున మాత్రం పొర లేచింది.