హారంలో ఎవరున్నారు? పబ్లిక్ హెల్త్ పరీక్షలకు నేను చదివిన తీరు

ఎంపీహెచ్ (పబ్లిక్ హెల్త్‌లో పీజీ) మొదటి సెమిస్టర్ రాయబోతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చదివింది స్టేట్ యూనివర్సిటీలో. నర్సింగ్ చేసినవాళ్లు, దంతవైద్యం చదివినవాళ్లు, మామూలు సైన్స్ డిగ్రీతో వచ్చినవాళ్లు అందరం ఒకే క్లాసు. కొందరికి లెక్కలంటే భయం, కొందరికి జబ్బుల పేర్లంటే భయం. నాకు లెక్కలే.

మొదటి ఇంటర్నల్‌కి సూత్రాలన్నీ బట్టీ పట్టి వెళ్లాను. ఏడాదిలో కొత్తగా మధుమేహం వచ్చినవాళ్లు, ముందు నుంచే ఉన్నవాళ్లు, మొత్తం జనాభా ఇచ్చి ఇన్సిడెన్స్, అంటే కొత్తగా జబ్బు వచ్చే రేటు, కట్టమన్నారు. సూత్రం గుర్తుంది, కానీ హారంలో జనాభా మొత్తాన్నీ వేసేశాను. అప్పటికే జబ్బు ఉన్నవాళ్లకు అది కొత్తగా రాదు కదా, వాళ్లను తీసేయాలి. మార్కులు పోయాయి. ఆ రోజు నుంచి ఏ లెక్క చూసినా ముందు ఒకటే అడుగుతున్నాను: కింద ఉన్న అంకెలో ఎవరెవరు ఉన్నారు?

ఈ ప్రశ్న పట్టుకున్నాక, కలరా నీళ్లతో వస్తుందని చూపించిన వైద్యుడు జాన్ స్నో నాకు కొత్తగా అర్థమయ్యాడు. 1854 లండన్ కలరా అనగానే అందరం కలుషితమైన వీధి పంపు హ్యాండిల్ తీయించిన కథ రాస్తాం. దానికన్నా ఆయన ఇళ్ల లెక్క చూడండి. సౌత్‌వార్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ నీళ్లు వాడిన 40,046 ఇళ్లలో 1,263 మరణాలు. థేమ్స్ నది ఎగువ నుంచి, నగరం మురుగు కలవకముందే నీళ్లు తెచ్చిన లాంబెత్ కంపెనీ ఇళ్లు 26,107, మరణాలు 98. పదివేల ఇళ్లకు లెక్కగడితే 315 ఒకవైపు, 37 మరోవైపు. ఇళ్లు లెక్కపెట్టకపోతే ఆ మరణాలను పోల్చడానికి దారే లేదు.

ఎక్కువ మంది తడబడేది స్క్రీనింగ్ దగ్గర. శాతాలతో కాకుండా మనుషులతో లెక్క వేయండి. పదివేల మందిని ఊహించుకోండి, జబ్బు ఒక శాతం మందికి ఉంది. అంటే 100 మంది. సెన్సిటివిటీ (జబ్బున్నవాళ్లలో టెస్టు పట్టుకునేవాళ్ల శాతం) 90 శాతం అయితే అందులో 90 మంది పాజిటివ్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 9,900. స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లలో టెస్టు నెగటివ్ అని చెప్పేవాళ్ల శాతం) 95 శాతమైనా 495 మందికి తప్పుగా పాజిటివ్ వస్తుంది. మొత్తం పాజిటివ్‌లు 585, నిజంగా జబ్బున్నవాళ్లు 90. ప్రిడిక్టివ్ వాల్యూ, అంటే పాజిటివ్ వచ్చినవాళ్లలో నిజంగా జబ్బున్నవాళ్లు, 15 శాతం చిల్లర. అదే టెస్టు, జబ్బు 20 శాతం మందికి ఉన్నచోట వాడితే 2,200 పాజిటివ్‌లలో 1,800 నిజమైనవి, దాదాపు 82 శాతం. టెస్టు మారలేదు, జనం మారారు. ఈ రెండు పట్టికలూ పుస్తకం చూడకుండా వేయగలిగేదాకా వదలకండి. నాకు నాలుగు రోజులు పట్టింది.

కేస్-కంట్రోల్ అధ్యయనంలో (జబ్బున్నవాళ్లనూ లేనివాళ్లనూ ఎంచుకుని వాళ్ల గతాన్ని పోల్చేది) రిస్క్ బదులు ఆడ్స్ రేషియోతో (రెండు గుంపుల ఆడ్స్ నిష్పత్తి) ఎందుకు సరిపెట్టుకోవాలన్నదీ ఇందులోంచే వస్తుంది. జబ్బున్నవాళ్లు ఎందరు, లేనివాళ్లు ఎందరు అన్నది అక్కడ మనమే ఎంచుకుంటాం. అందుకని ఆ హారంతో రిస్క్ కట్టలేం.

పాలసీ పేపర్‌కి ఇంత కష్టం అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య సంరక్షణపై ఆల్మా-ఆటా ప్రకటన 1978, మశూచి నిర్మూలన ప్రకటన 1980, ఆరోగ్య ప్రోత్సాహంపై ఒటావా చార్టర్ 1986. ఇవి గోడకి అంటించుకుంటే చాలు. కానీ మశూచి ఎందుకు పోయిందో మాత్రం కారణాలతో రాయండి: జంతువుల్లో ఆ వైరస్‌కి ఆశ్రయం లేదు, పొక్కులు చూడగానే రోగిని గుర్తుపట్టొచ్చు, టీకా వేడికి తట్టుకుంటుంది, ఒక్కో కేసు చుట్టూ ఉన్నవాళ్లకు వెతికి మరీ వేశారు.

వైవాలో టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. నేను వేసిన పట్టికలో 495 మీద వేలు పెట్టి, “వీళ్లనేం చేస్తావమ్మా?” అని అడిగారు ఎగ్జామినర్ మేడమ్. పాజిటివ్ వచ్చిన 585 మందికీ స్పెసిఫిసిటీ ఎక్కువున్న రెండో పరీక్ష చేయిస్తానని, అది తేలేదాకా ఎవరికీ జబ్బుందని చెప్పనని అన్నాను. ఆవిడ తలూపి, తర్వాతి ప్రశ్నకి వెళ్లారు.